లేడికి ఎంత గుండు?

ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు ఛందస్సు, సంధులు, సమాసాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. అట్టివాడు తుపాకుల చరిత్ర వ్రాయబూనడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. అయినా ఒక ప్రశ్న నన్ను ఏడాదిగా వెంటాడుతున్నది. దానికి జవాబు వెదుకుతూ చదివినదీ, నా చిన్ననాట చూచినదీ కలిపి ఈ టపాగా మీ ముందుంచుతున్నాను.

క్రిందటియేడు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న మా పెద్దమ్మాయి ఇంట కొన్ని నెలలున్నాను. ఆకురాలు కాలం ముగిసి చలి ముదురుతున్న రోజులు. ప్రక్కయింటి వృద్ధుడు, ఎనుబదియేండ్లవాడు, ఒక మధ్యాహ్నం తన వాకిట కూర్చుండి తుపాకిని నూనెగుడ్డతో తుడుచుకొంటున్నాడు. మఱునాటినుండి దుప్పుల వేటకు అనుమతి. ఆ తుపాకి ఆయన తండ్రిది. విన్‌చెస్టర్ 1894 నమూనా, 30-30 తూటా. చెట్లు దట్టంగా ఉండే తమ కొండల్లో నూఱు గజాలకు మించి చూపు ఆనదనీ, ఆ దూరానికి ఇంతకంటె పెద్ద తుపాకి అనవసరమనీ, ఇంతకంటె చిన్నది పాపమనీ చెప్పాడు. ఆ "పాపం" అన్న మాట నన్ను పట్టుకొన్నది. ఆయన అంతటితో ఊరుకోక, "మీ దేశంలో లేళ్ళను దేనితో కొట్టేవారు?" అని అడిగాడు. మా అమ్మాయి నావైపు తిరిగి, "నాన్నా, నీకేమైనా తెలుసా?" అన్నది. నాకు తెలిసినది ఒక్కటే తుపాకి. దాని సంగతి ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. తెలియదని తల ఊపి లోపలికి వచ్చాను. ఆ అసత్యానికి ప్రాయశ్చిత్తం ఈ వ్యాసం.

వృత్తిధర్మం కనుక ముందు మాటలతో మొదలుపెడతాను.

"తుపాకి" మన మాట కాదు. తురుష్క భాషలోని "తుఫెక్" దేశాలు తిరిగి మన నోట తుపాకి అయినది. "షికారు" పారసీకం. "రైఫిలు" అన్నది గొట్టం లోపల చెక్కిన మెలికల గాళ్ళను బట్టి వచ్చిన పేరు. ఆ గాళ్ళు గుండును బొంగరంలా త్రిప్పి పంపుతాయి. తిరుగుతూ పోయే గుండు దారి తప్పదు. గాళ్ళు లేని నునుపు గొట్టం వట్టి తుపాకి. ఇక "కాలిబరు". ఇది అరబ్బీ భాషలోని "కాలిబ్" అనే మాటనుండి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. కాలిబ్ అంటే మూస, అచ్చు. ఏ మూసలో పోసిన గుండో ఆ గొట్టానికి ఆ కొలత. తెలుగులో "గొట్టపు కొలత" అంటే చాలు.

ఈ కొలతల పేర్లు మొదట చదివినప్పుడు నాకు వ్యాకరణ పాఠం గుర్తుకు వచ్చింది. యోగం, రూఢి, యోగరూఢి అని మనం పిల్లలకు చెబుతాము కదా. 30-30 అన్నదానిలో మొదటి 30 అంగుళంలో వందవ వంతులు, గొట్టపు కొలత. రెండవ 30 మందు ఎత్తు, 30 గ్రెయిన్లు. కాని 30-06 అన్నచోట రెండవ అంకె మందు కాదు, 1906వ సంవత్సరం! .303 అనే తూటాలోని గుండు కొలిస్తే .311 దాకా ఉంటుంది. .275 రిగ్బీ అన్నది 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాకే ఇంగ్లండులో పెట్టిన మాఱుపేరు. పేరును విడదీసి అర్థం చెప్పబోతే బోల్తాపడతాము. "పంకజం" అంటే బురదలో పుట్టినదల్లా కాదు, తామర మాత్రమే అన్నట్టు ఇవన్నీ యోగరూఢులు. గ్రెయిను అంటే ధాన్యపు గింజ. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టే ఆంగ్లేయులు గింజతో గుండునూ మందునూ తూచారు. ఒక గ్రెయిను మన గురివింద ఎత్తులో సుమారు సగం.

వేటమృగాల పేర్లలోనూ మనకు గందరగోళమే. వాడుకలో అన్నిటినీ జింకలనేస్తాము. చుక్కల దుప్పి వేఱు, కణితి వేఱు, కొండగొఱ్ఱె వేఱు. కృష్ణజింక, మన పాత మాటలో ఇఱ్ఱి, అసలు ఆ కుటుంబానిదే కాదు. దుప్పికీ కణితికీ కొమ్ములు కొమ్మలు వేసి, రాలి, మళ్ళీ మొలుస్తాయి. ఇఱ్ఱి కొమ్ములు మెలితిరిగి నిలిచే ఉంటాయి, రాలవు. అమరసింహుడు సింహాది వర్గంలో కృష్ణసారం, రురువు, న్యంకువు, శంబరం, పృషతం, ఏణం అని విడివిడిగా చెప్పాడు. ఈ భేదం వేటగానికి ప్రాణం. నలుబది కిలోలు తూగని ఇఱ్ఱి మైదానంలో రెండువందల గజాల దూరాన నిలుస్తుంది. రెండువందల కిలోలు దాటే కణితి పోతు పొదలలో ముప్పది గజాలలో ఎదురవుతుంది. రెంటికీ ఒక్క గుండు సరిపోతుందా? తుపాకి ఎంపిక అనే చర్చ అంతా ఇక్కడినుండే పుట్టింది.

తుపాకికి ముందు బాణం. మన కవులకు మృగయావర్ణన ఇష్టమైన ఘట్టం. పెద్దన స్వరోచిని వేటకు పంపాడు, ధూర్జటి తిన్నని చేత వేటాడించాడు. కాని మన పురాణాలలో వేట వినోదం మాత్రమే కాదు, తఱచు విషాదానికి మొదలు. పాండురాజు లేళ్ళ జంటను కొట్టాడు. ఆ మృగరూపంలో ఉన్నవాడు కిందముడనే ఋషి. వేట రాజులకు ధర్మమేనని పాండురాజు వాదిస్తే, నేను వేటను తప్పుపట్టడం లేదు, కొట్టిన సమయాన్ని తప్పుపడుతున్నానని ఋషి శపించాడు. దశరథుడు కంటితో చూడక, చీకటిలో నీటి చప్పుడు విని ఏనుగనుకొని బాణం వేశాడు. తగిలినది తల్లిదండ్రులకు నీళ్ళు ముంచుతున్న మునిబాలకునికి. శాకుంతలంలో దుష్యంతుడు లేడిని తరుముకొని వస్తే ఆశ్రమవాసులు అడ్డుపడి బాణం దింపించారు. ఎప్పుడు కొట్టకూడదు, చూడక కొట్టకూడదు, ఎక్కడ కొట్టకూడదు అనే మూడు హద్దులూ ఈ మూడు కథలలో ఉన్నాయి. దేనితో కొట్టాలన్న నాలుగవ హద్దు మాత్రం తుపాకి వచ్చిన తరువాత పుట్టింది.

మొగలాయీల కాలానికి వేటలో తుపాకి స్థిరపడింది. అక్బరు తన సొంత తుపాకులకు పేర్లు పెట్టుకొన్నాడనీ, వాటిలో మొదటిది "సంగ్రామ్" అనీ అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వ్రాశాడు. అవి వత్తితో మందు అంటించే తుపాకులు. వాన పడితే పనికిరావు, గాలి వీస్తే నిప్పురవ్వ ఎగురుతుంది, వత్తి వాసన మృగం పసిగడుతుంది. అయినా జహంగీరు లెక్క చూడండి. పన్నెండవయేటినుండి ఏబదవయేటి దాకా తన సమక్షంలో పడిన జంతువులు 28,532 అనీ, అందులో తన చేత పడినవి 17,167 అనీ తన ఆత్మకథలో లెక్కవ్రాయించుకొన్నాడు. ఆ చక్రవర్తియే తాను పెంచుకొన్న మన్‌స్‌రాజ్ అనే జింక చనిపోతే లాహోరుకు చేరువలో దానికి స్మారకం కట్టించి, ఆ ప్రాంతంలో జింకలను వేటాడరాదని ఆజ్ఞాపించాడు. అదే నేటి హిరన్ మీనారు. పదునేడువేల ప్రాణుల లెక్క, ఒక్క జింకకు మీనారు. మనిషి మనస్సు ఇంతే. తాను ఎఱిగిన ప్రాణికి ఏడుస్తాడు, ఎఱుగనిదానిని లెక్కలో వేస్తాడు.

కుంపిణీవారి కాలంలో వత్తి పోయి చెకుముకి, చెకుముకి పోయి టోపీ వచ్చాయి. తాడనంతో పేలే మందును తుపాకికి అమర్చి 1807లో హక్కు పొందినవాడు అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండు మతాచార్యుడు. పక్షులు తన చెకుముకి మెరుపు చూచి ఎగిరిపోతున్నాయన్న విసుగుతో ఆ పని చేశాడంటారు. అప్పటి కొలతలు అంగుళాలలో కావు. ఒక పౌను సీసంతో సమానమైన ఉండలు ఎన్ని పోస్తే ఆ గొట్టానికి సరిపోతాయో అది "బోరు". పన్నెండు బోరు అంటే పౌనుకు పన్నెండు ఉండలు. అంకె పెరిగితే గొట్టం సన్నమవుతుంది. ఈ తలక్రిందుల లెక్క నేటికీ నునుపు గొట్టాల తుపాకులకు నిలిచి ఉన్నది.

ఇక మన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పబోయినవాడు మఱొక ఫోర్సైత్. జేమ్స్ ఫోర్సైత్ అనే సైనికోద్యోగి, మధ్యపరగణాల అడవులు తిరిగినవాడు, వేట రైఫిలునూ దాని గుండ్లనూ గుఱించి 1863లో ఒక గ్రంథమే ప్రచురించాడు. సైన్యంవారు పొడవాటి గుండుకు మారుతున్న కాలంలో ఈయన ఉండగుండునే సమర్థించాడు. పెద్ద గొట్టం, మెల్లగా తిరిగే గాళ్ళు, దండిగా మందు ఉంటే గుండు తిన్నగా పోతుందనీ, అడవిలో దూరం అంచనా వేసే వ్యవధి ఉండదు గనుక ఆ తిన్నదనమే ముఖ్యమనీ వాదించాడు. ఇందులో గొప్ప వివేకమున్నది. నల్లమందు తుపాకిలో గుండు వేగం సెకనుకు పదునైదువందల అడుగుల వంతున ఉంటుంది. అంత మెల్లగా పోయే గుండు దూరం పెరిగేకొలది చేపకు వేసిన గాలంలా క్రిందికి వాలిపోతుంది. దూరం తప్పుగా అంచనా వేస్తే గుండు గుండెకు కాక కడుపుకో కాలికో తగులుతుంది. మృగం పడదు, పోతుంది. పోయి ఎక్కడో పొదలో రెండు మూడు రోజులకు చస్తుంది. తుపాకి ఎంపిక గుఱించి నాటినుండి నేటి వరకు వచ్చిన మంచి గ్రంథాలన్నీ లోలోపల భయపడేది ఈ ఒక్కదానికే. చంపడానికి కాదు, సగం చంపడానికి.

1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ అనే రసాయనవేత్త పొగలేని మందును కనిపెట్టాడు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు అయిదువందల యేండ్ల ఏలుబడి ఇరువది యేండ్లలో ముగిసింది. క్రొత్త మందుకు బలం ఎక్కువ, పొగ లేదు, గొట్టం మసిబాఱదు. వేగం రెండువేల అడుగులు దాటింది. గుండుకు ఉండే శక్తి బరువుతో మామూలుగా పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. అంటే బరువును రెట్టింపు చేస్తే శక్తి రెట్టింపు, వేగాన్ని రెట్టింపు చేస్తే నాలుగింతలు. కాబట్టి బొటనవ్రేలంత గుండు అక్కరలేకపోయింది. పెన్సిలంత సన్నని గుండుతో పని జరగసాగింది. నా పొరుగాయన 30-30 తూటా 1895లో ఆ తరంగంలో పుట్టినదే. అమెరికాలో పొగలేని మందుతో వేటకోసం మొదట అమ్మకానికి వచ్చిన సన్నగొట్టపు తూటా అది. ఆ తుపాకి రూపకర్త జాన్ బ్రౌనింగ్. 2006 వరకు డెబ్బది లక్షలకు పైగా తయారయ్యాయి. ఒక దేశపు దుప్పులవేట యావత్తూ ఒక తుపాకి రూపం దాల్చిందంటే ఇదే.

మన దేశంలో ఆ స్థానం చాలావఱకు 7 మిల్లీమీటర్ల మౌజరుది. 1892 నాటి ఈ తూటాలో గుండు 140 గ్రెయిన్లు, అంటే తొమ్మిది గ్రాములు. వేగం సెకనుకు 2,700 అడుగుల వంతున. భుజానికి పెద్దగా దెబ్బ తగలదు. తగలదు కనుక వేటగాడు కళ్ళు మూసుకోడు, మీట కుదుపుతో లాగడు. అదే దాని రహస్యం. జిమ్ కార్బెట్ పేరు వినని చదువరి ఉండడు. చిన్ననాడు ఆయనకు దొరికిన మొదటి తుపాకి ఒక గొట్టం చీలిపోయిన పాత జంటగొట్టాల నోటిమందు తుపాకి. చంపావత్ ఆడపులిని 1907లో కూల్చినందుకు సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ఆయనకు బహూకరించినది .275 రిగ్బీ రైఫిలు. ఆ తుపాకి 2015లో తిరిగి దానిని చేసిన రిగ్బీ కంపెనీకే చేరింది. ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లండు వేటగాడు ఇదే తూటాతో ఏనుగులను కూల్చేవాడు. దానిని చూచి చిన్న గుండే చాలునని అనుకరించబోయిన వారికి అతని గుఱి లేదు, అతనికున్న శరీరశాస్త్ర జ్ఞానమూ లేదు. గుండు పరిమాణం కాదు, చోటే ముఖ్యమన్నది నిజమే. కాని చోటు తప్పినప్పుడు గుండు పరిమాణం కొంత క్షమిస్తుందన్నదీ నిజమే. ఈ రెండు నిజాల నడుమ నూఱేండ్లుగా వాదం నడుస్తున్నది. మేజర్ జెరాల్డ్ బరార్డ్ 1920లో భారతదేశంలో వాడే వేట రైఫిళ్ళ గుఱించి ప్రత్యేకంగా పుస్తకం వ్రాయవలసి వచ్చిందంటే ఆ వాదానికి ఎంత గిరాకీ ఉన్నదో ఊహించుకోండి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. వేగం పెరిగేసరికి వట్టి సీసం గొట్టపు గాళ్ళలో అరిగిపోసాగింది. దానిని ఆపడానికి గుండుకు గట్టి లోహపు తొడుగు వేశారు. తొడుగు వేసిన గుండు శరీరంలో సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. 1895లో చిత్రాల్ దండయాత్రలో తగిలినవారు ఆగకుండా మీదికి వస్తున్నారని బ్రిటిష్ సైనికులు గగ్గోలు పెట్టారు. దానితో కలకత్తా ప్రక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో కొనను తొడుగు లేకుండా వదలిన గుండు తయారయింది. అది తగలగానే పుట్టగొడుగులా విచ్చుకొంటుంది. ఆ గాయం ఘోరం. 1899లో హేగ్ నగరంలో సమావేశమైన దేశాలు అట్టి గుండును యుద్ధంలో నిషేధించాయి. మన బెంగాలు పల్లెపేరు ఆ విధంగా ప్రపంచభాషలలో క్రౌర్యానికి పర్యాయపదమైనది.

కాని వేటలో ధర్మం తలక్రిందులు. తొడుగు నిండుగా ఉన్న గుండు దుప్పి శరీరంలోంచి దూసుకుపోయి దానిని మైళ్ళు పరుగెత్తించి చంపుతుంది. విచ్చుకొనే గుండు నిలుచున్నచోటే కూలుస్తుంది. అందుకే ఇంగ్లండులో దుప్పులను గుఱించిన 1991 చట్టం .240 అంగుళాలకు తక్కువైన రైఫిలునూ, 1,700 అడుగు-పౌన్లకు తక్కువైన శక్తినీ నిషేధించి, గుండు కొన మెత్తనిదో బోలుదో అయి తీరాలన్నది. మనిషిమీద వాడితే క్రౌర్యం, మృగంమీద వాడకపోతే క్రౌర్యం! యుద్ధంలో గాయపడినవానికి వైద్యుడున్నాడు. గాయపడిన లేడికి ఎవరున్నారు? ఈ వాక్యం వ్రాస్తుంటే నా చేయి ఆగుతున్నది. ఎందుకో చివర చెబుతాను.

మన దేశంలో కొలతను నిర్ణయించినది మృగం కాదు, ప్రభుత్వపు భయం. లిట్టన్ కాలంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం భారతీయునికి లైసెన్సు లేనిదే తుపాకి కూడదన్నది. దొరలకు ఆ బాధ లేదు. 1907లో .450 కొలత తూటాలను భారతదేశానికి, సూడానుకు దిగుమతి చేయరాదన్నారు. కారణం పులీ కాదు, ఏనుగూ కాదు. ఆ గుండ్లు సైన్యంనుండి దొంగిలించిన మార్టినీ-హెన్రీ తుపాకులలో తిరుగుబాటుదారులకు పనికివస్తాయని. వెంటనే ఇంగ్లండు తుపాకి చేసేవారు .465, .470, .475 అని కొంచెం కొంచెం తేడాతో క్రొత్త కొలతలు పుట్టించారు. అలాగే .303 సైన్యపు తూటా గనుక సామాన్యునికి కూడదు. దాని బదులు .315 వచ్చింది. ఇది ఆస్ట్రియా సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల తూటా. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఇషాపూర్ రైఫిలు కర్మాగారం సామాన్యుని కోసం చేసినది ఈ .315 రైఫిలునే. దుప్పికి ఏది తగినదని ఏ శాస్త్రమూ దానిని ఎంపిక చేయలేదు. పరాయి ప్రభుత్వం తన ప్రజలను చూచి వణికిన వణుకు మన తుపాకి గొట్టాలమీద అంకెలై నిలిచిపోయింది.

అసలు లైసెన్సు రైఫిలే మన పల్లెలలో ఎందరికి ఉండేది? మా ఊరు నల్లమల అంచున గిద్దలూరు ప్రాంతంలోనిది. బొలారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ తన .405 విన్‌చెస్టర్ పట్టుకొని తిరిగి, కథలలో వ్రాసిన చెలమ, గాజులపల్లె మా రైలుమార్గంలోని స్టేషన్లే. అట్టి రైఫిళ్ళు దొరలకు, జమీందార్లకు, నైజాము నవాబులకు. మా తాతగారు గ్రామ మునసబు. ఆయనకున్నది ఒంటిగొట్టం నాటు తుపాకి. పంటను అడవిపందులనుండి కాపాడుకోవడానికి లైసెన్సు. దానికి కొలత అంటూ లేదు. గొట్టంలో మందు పోసి, కొబ్బరిపీచు కూరి, కొలిమివాడు చేసియిచ్చిన ఇనుపముక్కలూ సీసపు గుళ్ళూ వేసి, గజంతో దట్టించేవారు. ఇరువది గజాల అవతల అది ఎవరిని తాకుతుందో దానికే తెలియదు.

1968. నాకు ఎనిమిదేండ్లు. కంది పూత పిందెమీద ఉన్నది. తాతగారు రాత్రి కాపలాకు నన్నూ మంచెమీదికి తీసికొనిపోయారు. నడిరేయి చేలో గలగలమని చప్పుడు. పందులని తాతగారు ఆ చప్పుడుకు గుఱిచూచి కాల్చారు. పొగ కమ్ముకొన్నది. ఏదో అరచి వాగువైపు పరుగెత్తింది. చీకటిలో వెంటపోవడం ప్రమాదమని ఇంటికి వచ్చి పడుకొన్నాము. తెల్లవారి చూస్తే రెండు నెత్తుటి చుక్కలు, అంతే. తాతగారు ఆ సంగతి మరచిపోయారు.

మూడవనాడు ఒక చెంచు ముసలాయన వచ్చి పిలిచాడు. తేనె, చింతపండు తెచ్చి ఇచ్చేవాడు, తాతగారికి చిరకాలంగా ఎఱుక. వాగు ఒడ్డున రెల్లులో ఒక ఆడదుప్పి పడి ఉన్నది. పొట్టలో గుళ్ళు. ఈగలు ముసురుతున్నాయి. ఇంకా ప్రాణమున్నది. మమ్ములను చూచి లేవబోయి లేవలేక తల మాత్రం ఎత్తింది. ముసలాయన అంబు తీసి ఒక్క పెట్టున దాని బాధ తీర్చాడు. ఆ తరువాత తాతగారి ముఖం చూడకుండా నేలచూపుతో అన్నాడు: "కొట్టినోడు ఎంబడి పోవాల సామీ. ఇంటికి పోగూడదు."

తాతగారు జవాబు చెప్పలేదు. ఆయన ప్రతి శ్రీరామనవమికీ అరుగుమీద రామాయణం చదివి అర్థం చెప్పేవారు. చప్పుడు విని కొట్టిన దశరథుని కథ ఆయనకు కంఠస్థం. ఆ యేడు అయోధ్యాకాండలో ఆ ఘట్టం దగ్గఱకు వచ్చేసరికి పుస్తకం మూసి, "ఇక్కడినుండి రేపు" అన్నారు. మఱునాడు ఆ ఘట్టం దాటవేసి తరువాతి సర్గ అందుకొన్నారు. తుపాకి అటకెక్కింది. మళ్ళీ దిగినది పోలీసు ఠాణాలో అప్పగించడానికే.

ఇక తక్కిన చరిత్ర త్వరగా చెబుతాను. రైఫిలు మెరుగైన కొద్దీ మృగం బాధ తగ్గవలసింది. ఒక్కొక్క మృగానికి తగ్గిందేమో గాని, మృగాలే తగ్గిపోయాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక జీపులు వచ్చాయి. రాత్రిపూట దీపపు వెలుగు కళ్ళలో కొడితే జింక కదలక నిలుచుంటుంది. దానిని కొట్టడానికి గుఱీ అక్కరలేదు, అడవి తెలియనక్కరా లేదు. మైదానాలలో వేలుగా తిరిగిన ఇఱ్ఱిమందలు కరగిపోయాయి. వాటిని తరిమి బ్రదికిన చీతాలు 1947లో కొరియా సంస్థానంలో మూడు పడ్డాయి. ఆ తరువాత నమ్మదగిన ఆనవాలు లేక 1952లో మన దేశంలో అంతరించాయని ప్రకటించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి షికారు యుగాన్ని ముగించింది. 2022లో నమీబియానుండి ఎనిమిది చీతాలను కునో అడవికి తెచ్చుకోవలసి వచ్చింది. కృష్ణజింక నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు, చుక్కల దుప్పి తెలంగాణది.

అమెరికావారు వేఱు దారి పట్టారు. అక్కడా పందొమ్మిదవ శతాబ్ది చివరికి దుప్పులు కొన్ని లక్షలకు దిగిపోయాయి. వారు వేటను మాన్పలేదు, హద్దులు పెట్టారు. మాంసం అమ్మకాన్ని అరికట్టారు, ఋతువు నిర్ణయించారు, 1937 చట్టంతో తుపాకులమీద, తూటాలమీద వచ్చే పన్నును వన్యప్రాణుల రక్షణకు మళ్ళించారు. నేడక్కడ దుప్పులు కోట్లలో ఉన్నాయి. వారి దారి మంచిదా, మనది మంచిదా అని తీర్పు చెప్పడానికి నేను చాలను. వారి అడవికీ మన అడవికీ, వారి జనసమ్మర్దానికీ మనదానికీ పోలిక లేదు. రెండు దారులలోనూ ఒక్కటి సమానం. ఇక చాలు అని ఒకనాడు ఎవరో అనవలసి వచ్చింది.

పెన్సిల్వేనియా వృద్ధుణ్ణి తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ కలిశాను. ఆ యేడు ఆయనకు దుప్పి దొరకలేదట. ఒకటి కనబడిందిగాని పొదల చాటున ఉండి భుజం స్పష్టంగా కానరాలేదనీ, తుపాకి దింపేశాననీ చెప్పాడు. ఎనుబదియేండ్ల వయస్సులో ఇంకెన్ని ఋతువులు మిగిలియున్నాయో తెలియనివాడు ఆ మాట అంటుంటే నాకు తాతగారు గుర్తుకు వచ్చారు. అప్పుడు మా అమ్మాయి చేత చెప్పించాను, కంది చేనూ, నాటు తుపాకీ, మూడవనాటి వాగూ. ఆయన చాలాసేపు మాటాడలేదు. చివరకు చెంచు ముసలాయన అన్న మాటను మళ్ళీ చెప్పమని అడిగి, తల ఆడించాడు.

మిత్రులారా, లేడికి ఎంత గుండు అని శీర్షిక పెట్టాను. గ్రంథాలు చెప్పే జవాబు మీకిచ్చాను: మృగం ఎత్తు, దూరం, గుండు కొన, భుజానికి ఓర్చుకొనే దెబ్బ, వీటిని చూచి ఎంచుకోవాలి. ఆ గ్రంథకర్తలెవరినీ చదవని ఒక చెంచు వృద్ధుడు చెప్పిన జవాబు కూడా ఇచ్చాను. మా తాతగారి తప్పు తుపాకి కొలతలో కొంత ఉన్నది, చీకటిలో కొంత ఉన్నది. ఎక్కువ భాగం మాత్రం ఆ రాత్రి మేము ఇంటికి వచ్చి పడుకొనడంలో ఉన్నది. ఆ నిద్రలో నాకూ పాలున్నది.

ఆయుధాల విషయంలో నేను బడిపంతులునే గాని నిపుణుణ్ణి కాను. పొరపాట్లు దొర్లియుంటే విజ్ఞులు సరిదిద్దగలరు. మీ పెద్దల వద్ద ఇట్టి పాత తుపాకి కథలుంటే, వారు ఉండగానే అడిగి వ్రాసిపెట్టండి. స్వస్తి.